రెండో చరణంలో జలుబు

సియాటిల్,
ఫిబ్రవరి 1997

అమ్మకు,

నేను కులాసాగానే ఉన్నాను. అలాస్కా చలి ఈ ఏడు నీ మోకాళ్ళ జోలికి రాలేదనీ, హిల్మా పిన్ని ఇంకా నిన్ను చేపల ఫ్యాక్టరీ పనికి తోడు లాక్కెళ్తూనే ఉందనీ అనుకుంటున్నాను. ఇక్కడ వాన. ఎప్పుడు లేదు గనక! నువ్వు పంపిన యాలకుల రొట్టె వచ్చేసరికి రాయిలా బిగుసుకుపోయింది. కాఫీలో ముంచుకుని మొత్తం నేనే తిన్నాను. డ్వైట్‌కు ఒక్క ముక్క పెట్టాను, అదీ వాడి కంట పడింది కాబట్టి.

నీ ఉత్తరంలో అడిగినవాటన్నిటికీ జవాబు చెప్తాను. రెండింటిని మాత్రం చివరికి ఉంచుకుంటాను. చిన్నప్పుడు పళ్ళెంలో ఉడికించిన క్యారెట్లను అలాగే చివరిదాకా పక్కకు నెట్టేవాణ్ణి, నీకు గుర్తుండే ఉంటుంది.

పని ఉంది. రేవు దగ్గర గోదాములో చేపల మీద ఐసు పోసే పని. చేతులు మొద్దుబారుతాయి గాని, పగలంతా ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అది నాకు నచ్చింది. డ్వైట్ మా బ్యాండ్ డ్రమ్ములు వదిలేసి ఇళ్ళకు రంగులు వేస్తున్నాడు. కుంచెతో కూడా గోడ మీద తాళం వేస్తున్నాడని వాళ్ళావిడ ఏడిపిస్తోంది.

నాన్న గళ్ళ చొక్కా ఎక్కడుందని అడిగావు. నా దగ్గరే ఉంది. మేం పాడుకునే నేలమాళిగలో చలికి ఓర్చుకోలేక ఆర్విడ్ అన్నయ్య దాన్ని తొడుక్కునేవాడు, స్టేజీ మీదికీ అదే. అంతకుమించి అందులో ఏ సోకూ లేదని నీకు తెలుసు. పత్రికలవాళ్ళు మా పాటకు గ్రంజ్ అని పేరు పెట్టాక ఆ గళ్ళ చొక్కాలు పెద్ద పెద్ద దుకాణాల్లో అద్దాల వెనక వేలాడాయి. ఒకరోజు ఒక దుకాణంలో అమ్మకాల పిల్ల ఆర్విడ్ చొక్కా పట్టుకుని చూసి, ఇది ఏ కంపెనీది, ఇంత మెత్తగా ఎలా వచ్చిందని అడిగింది. వాడు నవ్వకుండా, "మా నాన్న రంపపు మిల్లులో తయారు చేశాడు. ఒక్కోదానికి ఇరవై ఏళ్ళు పడుతుంది" అన్నాడు. ఆ పిల్ల పాపం మిల్లు చిరునామా అడిగింది. మిల్లు మూసేశారని చెప్పి వచ్చేశాం.

ఊరు ఎలా ఉందని కదా నీ ఇంకో ప్రశ్న. మొన్న మునిసిపాలిటీవాళ్ళు మా వీధిలో కరెంటు స్తంభాలు గీకుతున్నారు. పోస్టర్లు అంటించకూడదని చట్టం తెచ్చారు కదా, ఇన్నాళ్ళకు మా వీధికి వచ్చారు. పనికి పోతూ ఆగి చూశాను. ఒకదాని మీద ఒకటి కొట్టిన కాగితాలు, బెరడులాగా లావుగా, తడిసి పొరలు పొరలుగా ఊడుతున్నాయి. పైన ఈ మధ్య వచ్చిన సూటు బూటు డాన్సుల ప్రకటనలు. వాటి కింద, మమ్మల్ని చూసి మాలాగా గొంతు బొంగురు చేసుకుని పాడిన ఎక్కడెక్కడి బ్యాండ్లో. ఇంకా కింద మేం ఎరిగినవాళ్ళు, కొందరు విడిపోయారు, కొందరు పోయారు. అన్నిటికంటే అడుగున చేత్తో గీసిన రంపం బొమ్మ, 'మిల్లు కూత' అన్న మా బ్యాండ్ పేరు. ఆర్విడ్ చేతి రాత. పారతో గీకుతున్నవాణ్ణి అడిగితే ఇచ్చేవాడే. నేను నోరు తెరవలేకపోయాను. వాడు దాన్ని బండిలోకి విసిరేశాడు. నోరు ఎందుకు తెరవలేకపోయానో కింద రాస్తాను.

ఆ బొమ్మ చూశాక పాతవన్నీ మీద పడ్డాయి. అద్దె ఇంటి నేలమాళిగ, గోడలకు ఆనించిన పాత పరుపులు, మీద ఇంటావిడ కర్రతో నేల బాదడం. ఆమె బాధ పడలేక ఆర్విడ్ పరుపులోకి మొహం పెట్టి పాడేవాడు. అదే అలవాటై స్టేజీ మీద కూడా జనానికి వీపు చూపించేవాడు. జనం అంటే మొదట్లో ఎంతమంది, మా స్నేహితులు ఇద్దరూ వాళ్ళ కుక్కా. తర్వాత రెండేళ్ళకు కాలిఫోర్నియా నుంచి కంపెనీలవాళ్ళు విమానం దిగి, సామాను కూడా దింపుకోకుండా తిన్నగా బార్లకు వచ్చేవారు. వీపు చూపించి పాడటం ఒక గొప్ప కొత్తదనమని రాశారు. దేశమంతా కుర్రాళ్ళు గోడవైపు తిరిగి పాడటం మొదలుపెట్టారు. ఆర్విడ్ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఆ నవ్వు తర్వాత తక్కువైంది. తొంభై నాలుగు ఏప్రిల్‌లో మా ఊళ్ళో అందరికంటే పేరున్న గాయకుడు పోయినప్పుడు జనం కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డారు. వాడు రాలేదు, గదిలో తలుపు వేసుకున్నాడు. మరుసటి ఏడు వేసవిలో వాడూ పోయాడు, మత్తుమందు సూదితో. దాన్ని గురించి ఇంతకంటే రాయను. నువ్వూ అడగవు.

ఇక నేను దాచుకున్న రెండు ప్రశ్నలు.

ఒకటి, శరత్కాలం నుంచీ ఫోన్ ఎందుకు చెయ్యడం లేదని. రెండోది, వాడి ఆఖరి పాట గురించి. నువ్వు రాసిన మాటలు నాకు కంఠతా వచ్చాయి: "ఫ్యాక్టరీ రేడియోలో రోజూ వస్తోంది. వచ్చినప్పుడు హిల్మా కత్తి ఆపేస్తుంది, నేనూ ఆపేస్తాను. ఆఖరి పంక్తికి ముందు వాడు ముక్కుతో ఊపిరి పీల్చాడు, నేను చర్చిలో నేర్పినట్టే. కాని రెండో చరణంలో వాడికి జలుబు చేసినట్టుందిరా. అప్పుడు వాణ్ణి ఎవరు చూశారు? మీ చిన్నప్పుడు నేను చుట్టినట్టు గొంతుకు ఉన్ని మేజోడు అయినా ఎవరన్నా చుట్టారా?"

అమ్మా, కూర్చుని చదువు. పిన్నిని పక్కన ఉండమను.

ఆర్విడ్ పోయేనాటికి ఆ పాటలో మొదటి చరణమే పాడాడు. రెండోదాని మాటలు కాగితం మీద ఉన్నాయి, టేపులో ఉత్త కూనిరాగం. మా ఒప్పందం ప్రకారం కంపెనీకి ఇంకో రికార్డు కావాలి. అప్పటికే ఈ రకం పాటల మీద వాళ్ళకు మోజు తీరిపోతోంది, కాని పోయినవాడి ఆఖరి పాట అంటే కొంటారని వాళ్ళకు తెలుసు. కంపెనీ మనిషి ఫోన్ చేసి నేను హలో అనగానే ఇంకోసారి అనమన్నాడు. తర్వాత మెల్లిగా, నువ్వెప్పుడైనా పాడావా అని అడిగాడు.

నేను ఒప్పుకున్నాను. వాడి పాట సగంలో ఆగిపోతే చూడలేకపోయానని అందరికీ చెప్పాను. అది నిజమే. కాని దాని పక్కనే ఇంకో నిజం ఉంది. చర్చిలో నువ్వు మా ఇద్దరికీ ఒకే ఊపిరి నేర్పావు. వాడు పాడాడు, నేను పక్కన బేస్ గిటారు పట్టుకుని నిలబడ్డాను. ఒక్కసారైనా పాడితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

పోయిన ఏడు జనవరి నెల. స్టూడియోలో గోడకు పరుపు ఆనించుకుని, నాన్న చొక్కా తొడుక్కుని, అటు తిరిగి నిలబడ్డాను. చెవుల్లో వాడి మొదటి చరణం వచ్చింది. అది అయిపోగానే నేను అందుకున్నాను. నడుమ ఎక్కడ వాడు ఆగాడో ఎక్కడ నేను మొదలుపెట్టానో నాకే తెలియలేదు. భయమేసింది, అమ్మా. పాట అయ్యాక వెనక్కి తిరగాలంటే, వెనక వాడు నిలబడి ఉంటాడేమోనని భయం. అద్దం అవతల డ్వైట్ మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. ఎలా వచ్చిందిరా అని అడిగాను. వాడు తల ఎత్తకుండా, "బాగా వచ్చింది. కాసేపు మాట్లాడకురా లోరెన్, దణ్ణం పెడతాను" అన్నాడు.

అప్పటినుంచి నేను తక్కువే మాట్లాడుతున్నాను. రికార్డు మీద నా పేరు బేస్ గిటారు పక్కనే ఉంది, ఎప్పటిలాగే. కాఫీ అడిగితే కొట్టులో పిల్లలు చప్పున తల తిప్పి చూస్తారు. స్నానం చేస్తూ కూనిరాగం తీస్తే గదిలో ఇంకెవరో ఉన్నట్టుంటుంది, నీళ్ళు కట్టేసి వింటాను. పాట రేడియోలో మొదలైన వారం నీకు ఫోన్ చేశాను. నువ్వు అనుకున్నట్టు లైన్ పాడవలేదు. నేను అమ్మా అన్నాను. నువ్వు ఊపిరి బిగబట్టి, ఆర్విడ్ అన్నావు. ఆ మాటలో ఎంత సంతోషం ఉందో నేను విన్నాను. కాదని చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను. అందుకే ఉత్తరాలు. కాగితం మీద నా గొంతు ఎవరిదీ కాదు.

చెప్పకుండా ఉండిపోదామనే అనుకున్నాను. కత్తులు ఆపి వినే ఆ పాట వాడి గురించి నీ దగ్గర మిగిలిన ఒక్క కొత్త సంగతి. దాన్ని నీ చేతిలోంచి లాక్కోవడం నాకేమన్నా సరదానా! కాని నువ్వు జలుబు గురించి అడిగావు. వాడు ఎండాకాలంలో పోయాడని నీకంటే ఎవరికి తెలుసు. ఏమీ ఎరగక అడిగావో, అన్నీ ఎరిగే అడిగావో నేను తేల్చుకోలేను. వాణ్ణి ఎవరూ చూడలేదని మాత్రం నువ్వు ఇంకో రాత్రి కుమిలిపోకూడదు.

మొదటి చరణం వాడిదే, అమ్మా. అందులో వాడికి ఏ జబ్బూ లేదు, గొంతు గంటలా ఉంది, విను. ఆ జలుబు నాది. డ్వైట్ వాళ్ళావిడ వేడిపాలు ఇచ్చింది, ఉన్ని మేజోడు నేనే చుట్టుకున్నాను. వారంలో తగ్గింది.

కోపం వస్తే రానీ, నేను పడతాను. ఆదివారం చర్చి నుంచి మీరు వచ్చే వేళకు ఫోన్ చేస్తాను. మోగినప్పుడు నువ్వే ఎత్తు. నేను ముందు మాట్లాడను. నువ్వు లోరెన్ అని పిలువు, అప్పుడు పలుకుతాను.

ఇట్లు,
నీ చిన్నకొడుకు
లోరెన్