బాణం చోట ‘నుంచి’

శనివారం, రాత్రి

ఆఫీసులో నాతో పనిచేసే శిరీష మీద మంటతో అన్నం సహించలేదు.

బస్సు వేళల పేజీ నేను రాసింది. ఊరి పేర్ల మధ్య బాణాలు, పేజీ రంగులూ రూపూ రాసే స్టైల్‌షీట్‌లోంచి పెట్టాను. అవి కంటి సోకులే కదా, తెర మీది రాతను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాటిని చదవదనుకున్నాను. చూపులేని అప్పలనాయుడు మాస్టారు ఈ రోజు ఆఫీసుకొచ్చి విన్నారు. ప్రతి వరసా “గజపతినగరం కుడివైపు బాణం విజయనగరం” అని చదివింది.

“ఒరే సింహాచలం, ఇదేటిరా? బస్సెక్కమంటావా, యుద్ధానికెళ్లమంటావా?”

అందరూ నవ్వారు. శిరీష నవ్వలేదు. నా కుర్చీలో కూర్చుని, స్టైల్‌షీట్‌లో బాణం పక్కన ఒక ఏటవాలు గీత, దాని తర్వాత “నుంచి” అని కొట్టింది. కంటికి బాణమే, చెవికి మాత్రం “గజపతినగరం నుంచి విజయనగరం”.

“ఇప్పుడు బస్సొచ్చినాది తల్లీ! రేపు పొద్దున్న ఎనిమిదింటిదానికే ఎక్కుతాను,” అన్నారు మాస్టారు.

“ఇకమీదట ఈ పేజీ శిరీష సూస్తాది,” అన్నాడు ఓనరు.

తనకి డిగ్రీ ఉంది, నాకు లేదు. కానీ ఆ “నుంచి” ఏ కాలేజీలోనూ నేర్పరు. అదే మింగుడుపడడం లేదు.

ఇంటికొచ్చి తెర ఆర్పేసి, తన తప్పు దొరుకుతుందేమోనని పేజీ మొత్తం విన్నాను. నాదే దొరికింది. ఆదివారం తిరగని బస్సులకు నేను పెట్టిన గుర్తును ఉత్త “చుక్క” అని చదువుతోంది. ఎనిమిదింటి బస్సుకీ ఆ చుక్క ఉంది.

శిరీషకి చెప్పలేదు. మాస్టారికే ఫోన్ చేశాను. “మాస్టారూ, రేపు ఆ బస్సు లేదండి.”

“అలాగా! శిరీష సెప్పినాదేటి?”