బోర్లా పరిచిన రాయి

నిమ్‌పురా, ఖరగ్‌పూర్
అక్టోబరు 12

ప్రేమగల దోర్కా అక్కకు,

నీ తమ్ముడు సిరిల్ వందనాలు. ఫోన్లో చెబుదామనుకుంటే నీ గొంతు వినగానే మాట మార్చేస్తున్నాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను. తిట్టు, కానీ మొత్తం చదివి తిట్టు.

నాన్న సమాధికి నువ్వు సగం, నేను సగం వేసుకుని నల్లరాయి వేయించాం కదా. ఆ బిల్లు మొత్తం నా కాంట్రాక్టు ఖర్చుల్లో రాసేశాను. రైల్వే క్వార్టర్ల మరమ్మతులకు రాయి కొనే ఝపటాపూర్ కొట్లోనే అదీ కొన్నాను. బిల్లు మీద గ్రానైట్ పలక అని మాత్రమే ఉంది. ఇంట్లోకి కొన్న ఫ్రిజ్జు, మా అమ్మాయి జాయ్ స్కూటీకి పోసే పెట్రోలు కూడా పని ఖర్చేనని రాసినవాడికి ఇదొక లెక్కా? ఖర్చు ఎక్కువ చూపిస్తే లాభం తగ్గుతుంది, దాంతోపాటు పన్నూ తగ్గుతుంది. అందరూ చేసేదేనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇప్పుడు ఇన్‌కమ్ టాక్స్ నుంచి నోటీసు వచ్చింది. ఆ పలక ఏ పనిలో వాడారో ఫోటో పెట్టమన్నారు. నా లెక్కలు రాసే మోహనకృష్ణ నెత్తి కొట్టుకున్నాడు. "దొంగ ఖర్చని తేలితే ఎగ్గొట్టిన పన్నూ, వడ్డీ కాక దానికి రెండింతలు జరిమానా పడతాది. ఏదో ఒక రాయి సూపించు" అన్నాడు. బిల్లులో కొలతలున్నాయి. అదే కొలతలో కొత్తది కొందామంటే, చేసిన పనులకే డబ్బు రాక చేతులు ఖాళీగా ఉన్నాయి.

అక్కా, నాన్న రాయిని సమాధి మీద నుంచి ఊడదీయించాను. నేను బాగు చేస్తున్న క్వార్టరు గుమ్మం ముందు, పేరు నేలవైపు పెట్టి, బోర్లా పరిచి సిమెంటు వేయించాను. ఫోటో తీశాను. మేస్త్రి గోవిందరావు దాన్ని తొక్కకుండా పక్కనుంచి దూకి లోపలికెళ్లాడు. ఏటి దూకుతున్నావంటే, "ముసలాయన నాకు మొదటి పని ఇప్పించినాడు బావూ. ఆయన పేరు మీద కాలెట్టలేను" అన్నాడు. నేను మాత్రం దాని మీదే అటూ ఇటూ నడిచాను, ఫోటోలో బాగా తొక్కిన రాయిలా కనిపించాలని. సిగ్గుతో చచ్చిపోతున్నాను అక్కా.

నెలాఖరులోగా ఫోటో పంపాలి. నవంబరు రెండున సమాధుల పండుగ. అమ్మ అప్పుడే కొవ్వొత్తులు కొనిపెట్టింది, రాయి కడగడానికి కొత్త బ్రష్షు కూడా. ఏం చేయాలో నాకు తెలుసు. చేసే ధైర్యమే లేదు.

నీ తమ్ముడు,
సిరిల్


నిమ్‌పురా
నవంబరు 3

అక్కా,

నీ జవాబులో ఒక్క ముక్కే రాశావు, అమ్మకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా అని. తిట్టి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు.

నేనే చెప్పాను. అమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది. "మీ నాన్న మీద నడిసినావేట్రా?" అంది. ఆ తర్వాత రెండు రోజులు నాకు అన్నం వడ్డించి, తను వంటింట్లో కూర్చుని తింది.

మోహనకృష్ణ చేత ఫోటో చెరిపించాను. ఆ రాయి పనికి వాడింది కాదు, ఫ్రిజ్జూ పెట్రోలూ కూడా ఇంటివే, అన్నీ కొట్టేసి పన్ను వేయండని రాయించి పంపాను. "నిజం సెప్పినావని జరిమానా మాఫీ అయిపోదు, తెలుసునా" అన్నాడు. తెలుసన్నాను. కాంక్రీటు కలిపే మిషను అమ్మేశాను. ఇక కొన్నాళ్లు చిన్న పనులే.

రాయి పెకలిస్తుంటే సిమెంటు పట్టేసి, సరిగ్గా ఎబినేజర్ అని నాన్న పేరు చెక్కిన చోట రెండు ముక్కలైంది. ఆ గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. గోవిందరావు ముక్కలు గోనెలో చుట్టి సమాధి దాకా మోశాడు.

నిన్న పండుగ. ఆ రెండు ముక్కలనే చేర్చి పరిచాం. అమ్మ పగుల్లో ఇరుక్కున్న సిమెంటును కొత్త బ్రష్షుతో గీకుతూ కూర్చుంది. కొత్త రాయి వేయిస్తానమ్మా అన్నాను. తలెత్తకుండా అంది:

"ఇదే ఉండనీరా. కొత్తది కొన్నావంటే, దాని బిల్లు ఎక్కడ రాస్తావోనని నాకు నిద్ర పట్టదు."

నీ తమ్ముడు,
సిరిల్