ఈ దస్తూరీ ఎవరిది?

పెడన,
జూన్ 9

చిరంజీవి తమ్ముడు అంకమ్మరావుకు, అక్క చౌడేశ్వరమ్మ దీవెనలతో రాస్తున్నది.

నేను బాగానే ఉన్నాను. నువ్వు బాగున్నావా అని అడగను. అసలు నువ్వేనా అని అడుగుతున్నాను.

నాకు చెవులు మందగించి ఫోన్ వదిలేసిన ఈ పదేళ్ళూ నువ్వు ఉత్తరాలు రాస్తూనే ఉన్నావు. సోమవారం అవి రాగానే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని రెండుసార్లు చదవడం నాకు అలవాటు. మీ వన్ టౌన్‌లో ఆంబోతు బట్టల కొట్లో దూరి, బొమ్మకి కట్టిన పట్టుచీర నమిలిందని రాశావే, అది చదివి నాలో నేను నవ్వుకుంటుంటే, మగ్గాలకి నూలు కండెలు చుట్టే ఆడవాళ్ళు భయపడి నాకు దిష్టి తీశారు. అలాంటివాడివి, ఈసారి టైపు కొట్టిన కాగితం పంపావు. అందులో "మీరు క్షేమంగా ఉన్నారని ఆశిస్తున్నాను" అట! పుట్టి బుద్ధెరిగాక నన్నెప్పుడైనా "మీరు" అన్నావుట్రా?

మన చీరల మూటలు వ్యానులో విజయవాడ చేరేసే బాలశౌరి, "ఈ రోజుల్లో ఫోన్లే ఉత్తరాలు రాసేస్తున్నాయి పిన్నిగారూ" అని నా చెవిలో అరిచాడు. నిజం చెప్పు. రాసింది నువ్వా, ఫోనా?

ఇట్లు,
అనుమానంతో, అక్క

తా.క.: నువ్వే అయితే నీ నుదుటి మీద మచ్చ ఎలా పడిందో రాయి. ఈ ఉత్తరం నీ పెళ్ళాం నాగదుర్గకి చూపించకు.

* * *

విజయవాడ,
జూన్ 16

గౌరవనీయులైన అక్కగారికి నమస్కారములు.

నేనే రాస్తున్నాను అక్కా ఫోన్ ఏమీ రాయడం లేదు ఫుల్‌స్టాప్ ఇక్కడ అందరం బాగున్నాం కొట్లోకి కొత్త కోతి చీరలు దిగాయి కోతి కాదు కోటా కోతి అదేంటి మళ్ళీ కోతి అంటుంది సరే నుదుటి మీద మచ్చ ఏమిటంటే రా రాజ్యశ్రీ రా ఫ్యాను కింద కూర్చో నీకోసమే దాచిపెట్టా ఇంకెవరికీ చూపించలేదు ఈ రంగు నీ ఒంటికి భలే ఉంటుంది అక్కా ఉంటాను కామా మళ్ళీ రాస్తాను ఫుల్‌స్టాప్

ఇట్లు,
మీ విధేయుడు అంకమ్మరావు

తా.క.: పంపే ముందు ఇదంతా ఒకసారి చదువుకోవాలి గుర్తు చెయ్యి

* * *

పెడన,
జూన్ 23

తమ్ముడికి అక్క దీవెనలు. కోతికి కాదు.

ఎవర్రా ఆ రాజ్యశ్రీ? ఎవరికీ చూపించకుండా ఏం దాచిపెట్టావు ఆవిడకి?

నాకు మనసాగక బాలశౌరిని మీ కొట్టుకి పంపాను. నువ్వు మెట్ల మీద నిలబడి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, "అక్కా కామా, నువ్వెలా ఉన్నావు క్వశ్చన్ మార్కు" అని కేకలు పెడుతున్నావట. వీధి వీధంతా నిన్నే చూస్తోందట. "అంకమ్మరావుగారికి మతి తప్పింది పిన్నిగారూ" అని ఈ కాగితం మీద రాసి చూపించాడు.

నా అనుమానం వేరు. ఫోన్లోనే మనుషుల్ని అరెస్టు చేసి కూర్చోబెడుతున్నారని టీవీలో కింద నడిచే అక్షరాల్లో చదివాను. నిన్నూ అలా పట్టుకున్నారా? లేదంటే వెంటనే నీ చేత్తో నాలుగు ముక్కలు రాసి పంపు.

ఇట్లు,
అన్నం సహించని అక్క

తా.క.: ఇంతకీ ఆ రంగు ఆవిడకి నప్పిందా?

* * *

విజయవాడ,
జులై 1

అక్కకి నమస్కారం.

ఇది నా చేత్తో రాస్తున్న. అరెష్టు లేదు. రాజ్యశ్రీగారికి డెబ్బై ఏళ్ళు. బేరాల్లో అందర్నీ అలాగే పిలుస్తా. మచ్చ, నువ్వు తోస్తే రుబ్బురోలు మీద పడ్డ.

ఇట్లు,
తమ్ముడు

తా.క.: వేళ్ళు నొప్పి.

* * *

పెడన,
జులై 8

మా తమ్ముడి పేరుతో ఉత్తరం రాసిన దొంగకి, చౌడేశ్వరమ్మ రాస్తున్నది. మర్యాద కాబట్టి బాగున్నావా అని అడుగుతున్నాను.

నీ ఉత్తరాన్ని నా బిస్కట్ల డబ్బాలో ఉన్న పాత ఉత్తరాల పక్కన పెట్టి చూశాను. మా తమ్ముడి దస్తూరీ మాలకట్టినట్టు ఉంటుంది. నీది కోడి కెలికినట్టుంది. నేను తోసిన సంగతి నాకూ వాడికీ తప్ప ఎవరికీ తెలియదు. ఇంట్లో వాడే జారిపడ్డాడని చెప్పాను. అంటే వాడిని కొట్టి ఆ ముక్క చెప్పించావన్నమాట.

వచ్చే వారం గురువారం ఆ డబ్బా పట్టుకుని, బాలశౌరిని తోడు తీసుకుని పోలీసుల దగ్గరికి వెళ్తున్నాను.

ఇట్లు,
నిన్ను వదిలిపెట్టని చౌడేశ్వరమ్మ

తా.క.: వాడికి వంకాయ పడదు, ఒళ్ళంతా దురద. ఎక్కడ కట్టిపడేసినా తిండి దగ్గర జాగ్రత్త.

* * *

విజయవాడ,
జులై 11

వదినగారికి నాగదుర్గ నమస్కారాలు.

పోలీసుల దగ్గరికి వెళ్ళకండి. దొంగని వెతికితే నేను దొరుకుతాను.

మొన్న వచ్చింది నిజంగా మీ తమ్ముడి దస్తూరీయే. డబ్బాలో ఉన్నవి నావి.

పదేళ్ళ కిందట మీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు, "అక్కకి ఏదో ఒకటి రాసి పడెయ్యవే" అని ఆయన పడుకున్నారు. కొట్టుకి క్యారేజీ తీసుకెళ్తూ దారిలో చూసినవన్నీ రాసి, ఆయన పేరు పెట్టాను. కడుపుబ్బ నవ్వానని మీరు జవాబు రాశారు. నా మాటకి ఒకరు నవ్వడం అదే మొదలు. ఇక మానలేకపోయాను.

మీ ఉత్తరాలు ఆయనకి చదివి వినిపించేదీ నేనే. "నాగదుర్గకి చూపించకు" అన్న ముక్క కూడా గొంతు తగ్గించకుండా చదివేదాన్ని. కానీ మే నెలలో, "నీ పెళ్ళాం బండరాయి. ఇన్నేళ్ళలో నాతో రెండు మాటలు కలిపిందా" అని రాశారు. ఆ రోజు పెన్ను మూసేసి, "మీ అక్క, మీరే రాసుకోండి" అన్నాను. ఆయన ఫోన్‌ని పట్టుకున్నారు.

రెండు నెలలు కోపంగా ఉన్నాక ఒక సంగతి తట్టింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను వదినా. నా గొంతు చిన్నది. మీకు వినపడలేదు. వినపడలేదని చెప్పడానికి మీకు నామోషీ, పెద్దవారి ముందు గట్టిగా అరవడానికి నాకు భయం. సోమవారం ఉత్తరం కోసం మీరు చూసినట్టే, మీ జవాబు కోసం నేనూ గుమ్మంలోకి పదిసార్లు తిరుగుతాను. ఆ సంగతి ఆయనకి కూడా తెలియదు.

ఆదివారం పొద్దున బస్సుకి మీ ఊరు వస్తున్నాను. రెండు వందల పేజీల నోటుబుక్కు, రెండు పెన్నులు తెస్తాను. చెరో పక్కన కూర్చుందాం. మొదటి పేజీ మీది. నన్ను తిట్టాలనుంటే తిట్టండి.

ఇట్లు,
పదేళ్ళుగా మీ తమ్ముడు,
నాగదుర్గ

తా.క.: నా ఎదురుగా తిట్టడానికి మొహమాటమైతే చెప్పండి. ఆ పేజీ నిండేదాకా వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెడతాను.