మోటారు షెడ్డులో మట్టిపని: కడలి చంద్రరావు వీలునామా

పశ్చిమ గోదావరి జిల్లా, భీమవరం పట్టణం, చెరువుగట్టు వీధి కాపురస్తుడను, కీర్తిశేషులు వెంకటరత్నం గారి కుమారుడను, వృత్తిరీత్యా మోటారు వైండింగ్ మేస్త్రిని, అరవై తొమ్మిదేళ్ల వయసు గల కడలి చంద్రరావు అను నేను, ఎవరి బలవంతమూ లేకుండా, రాయించి, రెండుసార్లు చదివించుకుని, ఒప్పుకుని సంతకం చేసిన వీలునామా ఇది.

ఈ నాటికి నా బుద్ధి స్థిమితంగా ఉంది. నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చిన మాట నిజమే. అది నా ఎడమ చేతిని పట్టుకుంది గాని బుర్ర జోలికి రాలేదు. ఈ ఉదయమే పక్కింటివారి మిక్సీ మోటారు కాలిపోతే తీగ చుట్టి ఇచ్చాను, తిరుగుతోంది. ఇంత వివరంగా ఎందుకు రాయించానో ఐదో అంశం చదివితే తెలుస్తుంది.

1. నేను స్వార్జితంతో కట్టిన ఇల్లు నా భార్య సత్యకుమారి జీవితాంతం అనుభవించవలెను. ఆమె తదనంతరం మా ఏకైక కుమారుడు గణేష్‌బాబుకు చెందవలెను. ఈ ఏర్పాటులో వీధి వైపు షెడ్డు చేరదు. దాని సంగతి వేరు.

నేను చేసిన ఊరగాయ జాడీ కూడా సత్యకుమారిదే. దాని మూత సరిగ్గా కూర్చోదు. ఆవిడ ఆ మాట నాతో ఒక్కనాడూ అనకుండా, మూత కింద గుడ్డ కట్టి మూడేళ్లుగా మాగాయ పెడుతోంది. నేను చూడలేదనుకుంటోంది. చూశాను.

2. షెడ్డు గురించి. పద్నాలుగు అడుగుల పొడవు, పదకొండు అడుగుల వెడల్పు, వీధిలోకి తలుపు ఉన్న ఈ గదిలో ముప్పై ఏడేళ్లు రొయ్యల చెరువుల మోటార్లు బాగుచేశాను. చెయ్యి పడిపోయాక తీగ చుట్టలేక మూసేశాను. వ్యాయామం చేయించడానికి వచ్చే హరిచందన గారు రబ్బరు బంతి ఇచ్చి, రోజుకు వందసార్లు నొక్కమన్నారు. వారం రోజులకే ఆ బంతి మీద అసహ్యం పుట్టింది. ఎవరో చెరువు గట్టు తవ్వి పోసిన మట్టి తెచ్చుకుని, షెడ్డు గుమ్మంలో కూర్చుని పిసకడం మొదలుపెట్టాను. పిసుకుతూ పిసుకుతూ గిన్నెలాంటిది ఒకటి చేసి ఎండబెట్టాను.

మా వీధి మలుపులో బండి మీద కుండలు అమ్మే రామతులసి అది చూసి ఆగింది. కుమ్మరి వారి ఆడపడుచు, యాభై దాటిన మనిషి, భర్త పోయాక ఊరి నుంచి ఒక్కతే వచ్చి బతుకుతోంది. "ఏంటండి మేస్త్రిగారూ, రొయ్యల చెరువు మట్టితోనా? ఉప్పు మట్టండి అది. నాలుగు రోజుల్లో పొట్టు లేచిపోద్ది" అంది. నేను నమ్మక నవ్వేశాను. నాలుగో రోజుకి గిన్నె ఒంటినిండా తెల్లగా ఉప్పు పూసి, పొరలు పొరలుగా రాలిపోయింది. ఆ వేసవిలో కాలవలు కట్టేసి పూడిక తీస్తున్నప్పుడు, ఏ మట్టి తేవాలో చూపించడానికి ఆమే నాతో వచ్చింది.

3. చక్రం. రొయ్యల చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్ మోటారు ఒకటి షెడ్డులో పడి ఉంటే, దాని మీద ఇనప పళ్లెం బిగించి కుండల చక్రం చేశాను. మొదటి రోజు వేగం ఎక్కువై మట్టిముద్ద లేచి వెళ్లి గోడ మీద సత్యకుమారి తండ్రిగారి ఫొటోకు తగిలింది. నేను కావాలని చెయ్యలేదని ఈ దస్తావేజు ద్వారా మరొకసారి ధ్రువీకరిస్తున్నాను. తర్వాత పుల్లీలు మార్చి, కుట్టుమిషను పెడలు పెట్టి వేగం అదుపులోకి తెచ్చాను.

చక్రం బాగా తిరుగుతున్న రోజున రామతులసిని కూర్చోమన్నాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "ఆడవాళ్లు సారె ముట్టుకోకూడదనేవారండి మా నాన్న. మట్టి తొక్కడం, చెక్కతో చరచడం వరకే మా పని" అంది. నలభై ఏళ్లు మట్టిలో బతికిన మనిషి ఒక్కసారైనా సారె, అంటే కుమ్మరి చక్రం, ముందు కూర్చోలేదని అప్పుడు తెలిసింది. "ఇది సారె కాదమ్మా, ఏరేటర్ మోటారు. దీన్ని ముట్టుకోవద్దని మీ నాన్నగారు చెప్పలేదుగా" అన్నాను. చక్రం చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. తర్వాత చీర కొంగు బిగించి కూర్చుంది. సాయంత్రానికి నాకు రెండు నెలల్లో రానిది ఆమెకు వచ్చేసింది. నాకు కొంచెం కుళ్లు పుట్టిందని దాచను.

ఆ తర్వాత ఇనప పీపాలో వేడికి ఓర్చే ఇటుకలు పేర్చి, మట్టి పిసికి మళ్లీ స్వాధీనంలోకి వచ్చిన చేత్తో కాయిల్ నేనే చుట్టి, కుండలు కాల్చే కరెంటు ఆవం తయారుచేశాను. తొలిసారి వెలిగించినప్పుడు వీధి మొత్తం కరెంటు పోయింది. తప్పు నాదే. దానికి వేరే మీటరు, వేరే లైను అప్పుడే పెట్టించాను.

4. పై షెడ్డు, అందులోని చక్రం, ఆవం, మట్టి తొట్లు, బల్లలు, ప్రత్యేక కరెంటు మీటరు సహా, నా తదనంతరం రామతులసికి దానవిక్రయాది సర్వహక్కులతో చెందవలెను. ఇది జాలితో ఇస్తున్నది కాదు. ఎందుకో కూడా రాస్తున్నాను.

రెండేళ్ల కిందట ఆత్రేయపురంలో పూతరేకులు తీసే మాణిక్యాంబ గారు రేకుల కుండలు కావాలని మాకు కబురు పంపారు. ఆ కుండను బోర్లించి, కింద మంట పెట్టి, బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ పైన ఒక్కసారి రాస్తే పలచటి రేకు లేస్తుంది. అడుగు నున్నగా ఉండాలి, రోజంతా మంటకు నిలబడాలి. నేను చక్రం మీద తీసిన పన్నెండు కుండలు పంపాను. మూడో రోజు ఆవిడ ఆటోలో అన్నీ వెనక్కి తెచ్చారు. "మీ కుండ చూడ్డానికి బాగుందండి. మంట మీద పెడితే బీటేస్తోంది" అని గుమ్మంలో దించి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయారు. నేను చక్రం ఆపేసి, ఇక మనవల్ల కాదని సత్యకుమారితో చెప్పేశాను.

మర్నాడు రామతులసి తన పాత చెక్క, గుండ్రాయి పట్టుకొచ్చింది. చక్రం మీద తీసి సగం ఆరిన కుండను ఒళ్లో పెట్టుకుని, లోపల రాయి అదిమి, పైన చెక్కతో చరుస్తూ రెండు గంటలు కూర్చుంది. మట్టి లోపలి నుంచి బిగిసి అడుగు నున్నగా గుండ్రంగా వచ్చింది. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగితే, "చిన్నప్పట్నించీ చేస్తన్నదేనండి. దీన్నెవరూ పనని అన్లేదంతే" అంది. అలా చరిచి పంపిన కుండలు బీటవేయలేదు. నెల తిరక్కుండా మాణిక్యాంబ గారు మళ్లీ వచ్చి, ఈసారి కూర్చుని, కాఫీ తాగి, తాను తెచ్చిన పూతరేకులు మాచేత తినిపించి, ఇంకో ఇరవై కుండలకు చెప్పి వెళ్లారు. ఇప్పుడు షెడ్డు మీద ఉన్న "రామతులసి మట్టిపాత్రలు" అన్న బోర్డు ఆ వారమే రాయించాను. నా పేరు కూడా ఉండాలని ఆమె పట్టుబట్టింది. అందుకని కింద చిన్న అక్షరాలతో "మోటారు పని: చంద్రరావు" అని ఉంటుంది.

5. నా బావమరిది శ్యాంబాబు, నాకు పక్షవాతం వచ్చిన ఏడాది ఒక పెళ్లి పందిట్లో, నేను వెనక వరసలో ఉన్నానని చూసుకోకుండా, "బావకి చెయ్యే కాదు, బుర్ర కూడా పడిపోయింది. మట్టితో ఆడుకుంటున్నాడు" అని పదిమందిలో అన్నాడు. అతనికి నేను మొట్టమొదట చేసిన కప్పు ఇవ్వవలెను. అది ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. కాని కారదు, పరీక్షించాను. అతను అందులో టీ తాగవలెనని షరతు పెట్టబోతే, అలాంటివి చెల్లవని రాసేవారు చెప్పారు. కనీసం అల్మరాలో కనబడేచోట పెట్టుకోమని మనవి.

6. గణేష్‌బాబుకు నా వైండింగ్ పనిముట్లన్నీ చెందవలెను. వాడు రొయ్యల మేత వ్యాపారం చేస్తున్నాడు. పోయిన శ్రావణంలో టేపు తెచ్చి షెడ్డు కొలిచాడు, మేత బస్తాలు ఎన్ని పడతాయో చూద్దామని. "మీ నాన్న లోపల కూర్చునే ఉన్నారు, ఆయన్ని కూడా కొలుచుకో" అని వాళ్లమ్మ అంది. వాడు తలవంచుకుని వెళ్లిపోయాడు. నాకు నిద్రపట్టనీయని బాధ అది ఒక్కటే. నేను పోయాక వాడూ రామతులసీ కోర్టు మెట్లెక్కుతారేమోనని.

అందుకని ఈ చిత్తుప్రతి ముందుగా వాడికే ఇచ్చాను. నాలుగో అంశం రెండుసార్లు చదివి, "దారి రాయలేదు నాన్నా. పెరట్లో బావి దగ్గరకి, మట్టి ఆరబెట్టే చోటుకి ఆవిడకి దారి కావాలిగా. అదీ రాసెయ్. లేకపోతే ఏదో ఒకరోజు కోపమొచ్చి నేనే గేటుకి తాళం వేస్తాను" అన్నాడు. తన కోపం సంగతి తనకు తెలిసిన కొడుకును కన్నందుకు ఆ రోజు చాలా గర్వపడ్డాను. వాడు చెప్పిన ప్రకారమే, పెరటి బావికి, దాని పక్కనున్న ఆరుబయలుకు రామతులసికి శాశ్వతంగా నడిచే హక్కు కల్పించడమైనది.

7. ఈ వీలునామా అమలు బాధ్యత నా స్నేహితులు, ఐస్ ఫ్యాక్టరీ పల్లంరాజు గారిది. ముప్పై ఏళ్లుగా వారి మోటార్లు నా చేతి మీదుగానే తిరిగాయి. హరిచందన గారికి ఆ రబ్బరు బంతి తిరిగి ఇచ్చేయవలెను. కొత్తదానిలాగే ఉంది.

8. నా అంత్యక్రియలు ఆడంబరం లేకుండా జరిపించవలెను. ఆనాడు గణేష్‌బాబు భుజాన మోసే నీళ్లకుండ మన షెడ్డులోదే అయితే బాగుంటుందని నాకు కోరిక. పోయిన నెల రామతులసిని అడిగాను, ముందే ఒకటి చేసి అటక మీద పెట్టేద్దామని. ఆమె చేతిలో పని ఆపలేదు, తలెత్తలేదు. "ఇప్పుడెందుకండి. ఆ రోజు చేస్తాలెండి" అంది.

కుండ నీడన ఆరడానికి వారం, కాలి చల్లారడానికి మరో రెండు రోజులు పడుతుందని నాకు నేర్పింది ఆమే. అంటే ఆ కుండ చేసే ఉద్దేశం ఆమెకు లేదు. నేను మళ్లీ అడగలేదు. మీరూ అడగవద్దు. ఆ ఒక్కటీ బజారులో కొనండి.

భీమవరం, 2025 నవంబరు 14, శుక్రవారం.

(సంతకం) కడలి చంద్రరావు

సాక్షులు, నా కళ్లెదుట సంతకం చేసినవారు:
1. హరిచందన, ఫిజియోథెరపిస్టు, భీమవరం
2. ఏసురాజు, పక్కింటివారు, మిక్సీ యజమాని

రాసినవారు: సత్యప్రసాద్, దస్తావేజు లేఖరి