క్యూబాకు ఆరో పేరు

దానియేలన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం నిన్ను చేరదని తెలుసు. అయినా క్యూబా సంగతి నీకే చెప్పాలి. ఆ దీవి చుట్టూ సైకిళ్ల మీద తిరగాలని మమ్మల్ని పోరింది నువ్వే కదా. అక్కడ మనం చూసుకున్న ఇంటి కిరాయి ఆరుగురు పంచుకుంటేనే అందుతుంది. ఐదుగురమే మిగిలాం. ఈ సాయంత్రంలోగా ఆ ఇంటివాళ్లకు ఆరో పేరు పంపకపోతే యాత్ర ఉండేది కాదు.

పొద్దున మొయినాబాద్ చాయ్ హోటల్ దగ్గర మేం కూర్చుని ఉండగా, మీ ఇంటామె మార్తమ్మ వదిన నీ సైకిల్ మీద వచ్చింది. సురంగల్ పొలాల బాటలో ఆర్నెల్లుగా నేర్చుకుంటున్నదట.

"నేనొస్త" అన్నది.

మన మల్లేశ్ నవ్వాడు. "గుట్టలెక్కాలె వదినా."

"పంచర్ ఎయ్యరానోనివి, నాకు గుట్టలు చెప్తున్నవా?"

చేవెళ్ల దాకా తొక్కి చూపించమన్నాను. నిన్ను లారీ కొట్టిన రోడ్డు అదే. భయపడి వెనక్కి తగ్గుతుందనే ఆ మాటన్నాను. నెమ్మదిగా తొక్కేవాళ్లే ముందుండాలన్నది నువ్వు పెట్టిన పద్ధతి గనుక, ఆమె వెనకే వెళ్లాం.

నువ్వు పడిపోయిన మలుపులోనే ఇసుక లారీ ఒకటి హారన్ కొడుతూ ఆమెను ఆనుకున్నట్టే పోయింది. సైకిల్ ఊగింది. మేమంతా ఒక్కసారే బ్రేకులు పట్టాం. ఆమె ఆపలేదు.

చేవెళ్లలో దిగి, సైకిల్‌కు స్టాండు వేసింది.

"ఇగ నా పేరు రాస్తవా, ఇంకేమన్న చూడాల్నా?" అని అడిగింది.

ఆమె ముఖం చూడలేక తల వంచుకుని, ఫోన్‌లో ఆమె పేరు కొట్టి అక్కడి నుంచే పంపాను.