ఆదివారం నా చేతికి తాళం చెవి ఇవ్వవద్దని మనవి

విద్యుత్ సెక్షన్ ఇంజనీరు గారి సముఖమునకు, అదే కార్యాలయంలో పదిహేడేళ్లుగా లైన్‌మన్‌గా పనిచేస్తున్నవాడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వచ్చే ఆదివారం పగలు పది నుండి రెండు గంటల వరకు మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె తాళం చెవి నా వద్ద లేకుండా చేసి, నన్ను దూరపు డ్యూటీకి పంపుట గురించి.

1. నా సర్వీసులో ఇంతవరకు ఒక్క మెమో అందుకొని ఎరుగను. ఈ అర్జీ చదివిన పిదప తమరు ఒకటి ఇవ్వగలరు. అది నాకు సమ్మతమే.

2. నా కుమార్తె, వయసు పందొమ్మిది, కంప్యూటరులో తుపాకుల ఆట ఆడుతుంది. ఐదుగురు ఒక జట్టు. ఎవరింట్లో వారు కూర్చునే ఆడతారు. ఇట్టి ఆటలపై పందేలు కట్టించుకొను యాప్ ఒకటి ఉన్నదని, స్తంభం కింద ఫిర్యాదు ఫోను కోసం కాచుకొని ఉన్న వేళ నేను కనుగొన్నాను. క్రికెట్టు మీద గానీ పేక మీద గానీ నేనెన్నడూ పైసా పెట్టలేదు. అవి ఎక్కడో జరిగేవి. ఇది మా ఇంట్లోనే జరుగుతున్నది కదా, నాకు తెలియనిదేమున్నదని అనుకున్నాను. తెలుసుననుకోవడమే, అయ్యా, ఈ రోగం. గెలిస్తే నా తెలివి, ఓడితే నా టైము బాగాలేదు.

3. సదరు తెలివి పెంచుకొనుటకై అమ్మాయి పక్కన కుర్చీ వేసుకొని కూర్చోవడం మొదలుపెట్టాను. ఏ జట్టు గట్టిది, ఎవరికి చివర్లో చెయ్యి వణుకుతుంది అని అడిగేవాడిని. అది మురిసిపోయి, "అమ్మా, చూశావా, నాన్నకిప్పుడు నా ఆటంటే ఎంత ఇష్టమో!" అని వంటింట్లోకి కేకేసింది. ఆ మాట విని కూడా ఫోను తీసి పందెం కట్టాను. సిగ్గు లేదు నాకు.

4. యాప్‌ను మూడుసార్లు తీసివేశాను. ఖాతా శాశ్వతంగా మూయుటకు దరఖాస్తు పెట్టగా, ఏడు రోజులు ఆగవలెనని జవాబు వచ్చింది. ఆరో రోజున, మీరు లేక వెలితిగా ఉన్నది, రండి, ఒక పందెం ఉచితం అని సందేశం వచ్చింది. ఈ సంవత్సరంలో నన్నట్లా పిలిచినవారు వేరొకరు లేరు. వెళ్లాను.

5. గత నెలలో అమ్మాయి జట్టు ఓడుతుందని పందెం కట్టాను. అది గెలుస్తున్నది. నేను వీధిలోకి వచ్చి, లైన్ క్లియర్ అనుమతి తీసుకోకుండా, రిజిస్టరులో వ్రాయకుండా, పెట్టె తెరిచి మా వైపు ఫ్యూజు లాగాను. నలభై ఇళ్లకు కరెంటు పోయింది, వాటితో అమ్మాయి కంప్యూటరూ ఆగిపోయింది. ఎదురింటి పెద్దాయన ఊపిరి మిషను కరెంటు మీదే నడుస్తుందని లాగిన తరువాత గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చి కూడా, నలుగురే మిగిలిన ఆ జట్టు ఓడి ఆట ముగిసేదాకా పదకొండు నిమిషాలు ఫ్యూజు చేతిలో పట్టుకొని నిలబడ్డాను. ఆయనకు ఏమీ కాలేదు. అది నా గొప్ప కాదు.

ఫిర్యాదు అందుకున్న కార్యాలయం దొంగ చేతికే తాళం ఇచ్చినట్టు నన్నే పంపింది. ఫ్యూజు పెట్టి ఇంటికి వెళ్లగా, అమ్మాయి ఏడ్చిన కళ్లతోనే మంచినీళ్లు తెచ్చి, "నువ్వుండబట్టి తొందరగా వచ్చింది నాన్నా. వేరేవాళ్లయితే సాయంత్రమయ్యేది" అన్నది. ఆ నీళ్లు తాగాను.

6. ఆదివారం వాళ్లకు ఆఖరి పోటీ. గెలిచిన జట్టుకు ఏడాది జీతమిచ్చి ఆడించుకుంటారట. అది ఓడుతుందని నేను ఇప్పటికే పందెం కట్టి ఉన్నాను. వెనక్కి తీసుకొను వీలు లేదు. "అయితే లాగకుండా ఊరుకోవయ్యా" అని తమరు అనవచ్చును. ఊరుకోగలిగితే ఈ కాగితం ఎందుకు సార్? ఈ చేతిని నమ్ముకునే ఇన్నేళ్లు కరెంటు తీగలు పట్టుకున్నాను. ఇప్పుడు దాన్ని చూస్తే నాకే భయంగా ఉంది.

కావున సదరు తాళం చెవిని శనివారం సాయంత్రమే స్వాధీనం చేసుకొని, ఆ నాలుగు గంటలు నన్ను వేరొక సబ్‌స్టేషనులో పదిమంది మధ్య కూర్చోబెట్టవలసినదిగా ప్రార్థన. పెద్దాయన కాళ్లు నేనే వెళ్లి పట్టుకుంటాను. శిక్ష సోమవారం నుంచి వేయండి. ఆదివారం మటుకు మా అమ్మాయిని నా నుంచి కాపాడండి.

ఇందులోని ప్రతి అక్షరమూ నిజమని నమ్మి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మా వీధి లైన్‌మన్

మరొక్క మాట సార్. రేపు మా అమ్మాయి మీ దగ్గరకొస్తుంది. "ఆదివారం పెట్టె దగ్గర మా నాన్ననే కాపలా ఉంచండి, ఆయనుంటే కరెంటు పోదు" అని అడగడానికి. దానికో అర్జీ కూడా రాసుకుంది. తప్పులుంటే దిద్దమని నాకే ఇచ్చింది, దిద్దాను. చాలా మర్యాదగా అడుగుతుంది, మీకు కాదనబుద్ధి కాదు. కాదనండి సార్.