వినోదమంటే తోలేయడం

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఆదోనిలో ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినదానివి, ఈ సంగతి నీకే రాయాలనిపించింది.

నిన్న ఎమ్మిగనూరులో మా బడి వార్షికోత్సవం. చివర్లో ‘వినోదం’ అని మా సారొకాయన పిల్లలతో నాటిక వేయించాడు. వలసపోయే కోసిగి కూలీల మీద. చింకి చీర కట్టిన పిల్ల రైలెక్కబోయి మాటిమాటికీ పడుతుంది, సంచిలోని జొన్నరొట్టెలు దొర్లిపోతాయి. పందిరంతా నవ్వింది. మొదటిసారి పడినప్పుడు నేనూ నవ్వాను. తలచుకుంటే ఇప్పటికీ నోరు చేదుగా ఉంది.

ముందు వరసలో ఏడో తరగతి ఈరమ్మ ఉంది. అమ్మానాన్నలు మిరప కోతకు గుంటూరు పోతే హాస్టల్లో ఉంటోంది. ఆ పిల్ల తల వంచుకోవడం చూసి, వెళ్లి మైకు ఆపేశాను.

“వినోదమే కదా మేడమ్, ఎందుకంత కోపం?” అన్నాడు సారు.

“సంస్కృతంలో ఆ మాట పుట్టిందే తోలేయడం నుంచి సార్. మనసులోని బాధను తోలేసేదే వినోదమని మా అక్క సెప్పేది. మీరు ఆ బాధను ఈ పిల్ల మీదికి తోలినారు.”

ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఈరమ్మను బయటికి తీసుకుపోయాను.

“మా యమ్మ ఎప్పుడూ పడలేదు మేడమ్. నెత్తిన మూట, సంకలో తమ్ముడు, అయినా ఎక్కుతాది. ఎక్కినాక నాకి సెయ్యి ఊపుతాది.”

ఎట్లా ఊపుతుందని నేను అడగలేదు. తనే చెయ్యెత్తి చూపించింది.